జీవిత దశలను బట్టి జంతువులు వేడిని తట్టుకునే తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక జంతువు ఎంత వేడిని తట్టుకోగలదని అడిగితే సాధారణంగా దొరికే సమాధానం ఎదిగిన జంతువుకు సంబంధించినది. కానీ ఏ జంతువూ ఎదిగిన రూపంతో పుట్టదు. గుడ్డు, పిండం, లార్వా లేదా కూన, ఎదిగే వయసు, సంతానాన్ని కనే కాలం, ముసలితనం అనే దశల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క హద్దు ఉంటుంది. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఒక జాతి నిలుస్తుందా లేదా అన్నది తరచుగా వాటిలో అన్నింటికన్నా బలహీనమైన దశ మీద ఆధారపడుతుంది. ఈ విషయంపై ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఒకే జంతువు వేరువేరు వయసుల్లో వేడిని వేరువేరుగా ఎందుకు తట్టుకుంటుంది?

వయసుతో పాటు శరీర పరిమాణం, ఊపిరి తీసుకునే పద్ధతి, ఒంట్లో నీటిని నిలుపుకొనే శక్తి, చోటు మారగలిగే వీలు అన్నీ మారతాయి. ఎదిగిన చేపకు మొప్పలు, గుండె, రక్తప్రసరణ ఉంటాయి. దాని గుడ్డులోని పిండానికి తొలి రోజుల్లో అవేవీ ఉండవు. ఎదిగిన బల్లి ఎండ ముదరగానే రాతి సందులోకి పోతుంది. అది మట్టిలో పెట్టిన గుడ్డు మాత్రం ఎంత వేడెక్కినా పెట్టిన చోటే ఉండాలి. ఎదిగిన పక్షి నోరు తెరిచి రొప్పుతూ ఒంటిని చల్లబరచుకుంటుంది; అప్పుడే గుడ్డులోంచి బయటపడిన, ఈకలు మొలవని కూనకు ఆ సామర్థ్యం ఇంకా పూర్తిగా అబ్బదు.

కణాల స్థాయిలో కూడా తేడా ఉంటుంది. వేడికి కణంలోని ప్రొటీన్ల ఆకృతి చెడిపోతుంది. దాన్ని సరిదిద్దేందుకు కణం హీట్ షాక్ ప్రొటీన్లు అనే ప్రత్యేక ప్రొటీన్లను తయారు చేసుకుంటుంది. అయితే పిండం మొదటి గంటల్లో తన జన్యువులను ఇంకా వాడుకోదు. తల్లి గుడ్డులో నింపి పెట్టిన సరుకుతోనే నెట్టుకొస్తుంది. పండ్ల ఈగల పిండాలు ఈ తొలి ఘడియల్లో వేడి తగిలినా హీట్ షాక్ ప్రొటీన్లను కొత్తగా తయారు చేసుకోలేవు. మరికొన్ని గంటలు ఎదిగిన పిండం సులువుగా గట్టెక్కే వేడికి ఈ తొలి గంటల పిండం చనిపోతుంది.

వేడిని తట్టుకునే శక్తిని ఎలా కొలుస్తారు?

నీటిని లేదా గాలిని క్రమంగా వేడి చేస్తూ, జంతువు అదుపు తప్పి వెల్లకిలా పడి తిరిగి లేవలేని స్థితికి చేరే ఉష్ణోగ్రతను నమోదు చేయడం అన్నింటికన్నా వాడుకలో ఉన్న పద్ధతి. దీనిని క్రిటికల్ థర్మల్ మ్యాగ్జిమమ్ అంటారు. ఎంత వేగంగా వేడి చేశారు, జంతువు అంతకుముందు ఏ ఉష్ణోగ్రతలో పెరిగింది, ఎంతసేపు ఆ వేడిలో ఉంది అన్న వాటిని బట్టి ఈ అంకె మారుతుంది. కొన్ని నిమిషాల పాటు 40 డిగ్రీల సెల్సియస్‌ను ఓర్చుకున్న జీవి, రోజుల తరబడి కొనసాగే 35 డిగ్రీలకు చనిపోవచ్చు. ఈ అంకెను చదివేటప్పుడు సమయాన్ని పక్కన పెట్టి ఉష్ణోగ్రతను మాత్రమే చూడటం సరికాదు.

గుడ్డులో ఉన్న పిండం వెల్లకిలా పడదు కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు. దానిని రోజుల తరబడి ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి, ఎన్ని గుడ్లు పొదిగాయో లెక్కిస్తారు. ఒక దశను నిమిషాల పరీక్షతో, మరో దశను రోజుల పరీక్షతో కొలిచి రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఎంతో జాగ్రత్త అవసరం. కింది సమాధానంలో ఇదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది.

ఏ దశ అన్నింటికన్నా బలహీనమైనది?

అన్ని జంతువులకూ వర్తించే ఒకే సమాధానం లేదు. చేపల విషయంలో మాత్రం విస్తృతమైన అధ్యయనం ఒకటి ఉంది. జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2020లో సైన్స్ పత్రికలో 694 మంచినీటి, సముద్రపు చేప జాతుల సమాచారాన్ని కలిపి విశ్లేషించారు. గుడ్లు పెట్టడానికి సిద్ధమైన చేపలు, గుడ్లలోని పిండాలు తట్టుకోగల ఉష్ణోగ్రతల పరిధి చాలా ఇరుకుగా ఉందని, లార్వాలు, సంతానోత్పత్తిలో లేని ఎదిగిన చేపలు అంతకంటే విశాలమైన పరిధిలో బతకగలవని వారు తేల్చారు. ఉద్గారాలు అదుపు లేకుండా పెరిగితే 2100 నాటికి ఆ జాతుల్లో 60 శాతం దాకా గుడ్లు పెట్టే చోట ఈ హద్దు దాటే ప్రమాదం ఉందని, వేడెక్కడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగితే అది సుమారు 10 శాతానికి పరిమితమవుతుందని లెక్కగట్టారు. ఎదిగిన చేపలను మాత్రమే చూసి వేసిన పాత అంచనాలలో ఈ ప్రమాదం చాలా తక్కువగా కనిపించేది.

ఈ అధ్యయనంపై విమర్శ కూడా వచ్చింది. వేరువేరు దశలను వేరువేరు పద్ధతుల్లో కొలిచిన అంకెలను కలపడం వల్ల దశల మధ్య తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించి ఉండవచ్చని 2022లో మరో పరిశోధక బృందం వాదించింది. ఆ విమర్శ న్యాయమైనదే. తేడా ఎంత అన్నదానిపై అది అనుమానం రేకెత్తిస్తుంది. కానీ నదుల్లో, సముద్ర తీరాల్లో నేరుగా గమనించిన ఉదాహరణలను చూస్తే, తేడా అసలు లేదనుకోవడానికి మాత్రం వీలు కనిపించదు.

గుడ్డులోని పిండానికి వేడి అంత ప్రమాదం ఎందుకు?

నీటిలో ఉండే గుడ్లకు ముఖ్యమైన సమస్య ఆక్సిజన్. వేడి పెరిగే కొద్దీ పిండంలో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అదే సమయంలో వేడి నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. మొప్పలు లేని పిండం గుడ్డు పొర గుండా మెల్లగా లోపలికి ఇంకే ఆక్సిజన్ మీదే ఆధారపడాలి. కడుపు నిండా గుడ్లున్న తల్లి చేపది కూడా దాదాపు ఇదే పరిస్థితి. తన ఒంటితో పాటు ఆ గుడ్ల బరువుకూ ఆక్సిజన్ అందించాల్సి రావడంతో దాని గుండె, మొప్పలు హద్దుకు చేరువగా పనిచేస్తుంటాయి. వేడి హద్దులన్నింటికీ ఆక్సిజన్ కొరతే కారణమన్న సిద్ధాంతంపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదోపవాదాలు ఉన్నాయి. నీటిలోని గుడ్ల విషయంలో మాత్రం దానికి బలమైన ఆధారాలున్నాయి.

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిలో జరిగింది ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. అక్కడ శీతాకాలంలో సముద్రం నుంచి నదిలోకి వచ్చే చినూక్ సాల్మన్ చేపలు మండువేసవిలో గుడ్లు పెడతాయి. పూర్వం అవి ఎగువన ఊటనీటితో పారే చల్లని ఉపనదుల దాకా వెళ్లేవి. 1945లో పూర్తయిన శాస్తా ఆనకట్ట ఆ దారిని మూసేసింది. అప్పటి నుంచి అవి ఆనకట్టకు దిగువన, జలాశయం అడుగు నుంచి వదిలే చల్లని నీటి మీద ఆధారపడి గుడ్లు పెడుతున్నాయి. 2014, 2015 సంవత్సరాల కరువులో జలాశయంలో చల్లని నీరు అయిపోయింది. ఆ రెండేళ్లూ గుడ్లు, పొదిగిన పిల్లల్లో సుమారు 95 శాతం చనిపోయాయి. ప్రయోగశాలలో తేల్చిన హద్దు ప్రకారం నదిలో నీరు అంత ప్రమాదకరమైన వేడిలో లేదు. మరి గుడ్లు ఎందుకు చనిపోయాయి? 2017లో వెలువడిన పరిశోధన దీనికి కారణం చెప్పింది. ప్రయోగశాలలో గుడ్ల చుట్టూ నీరు వేగంగా పారుతూ ఆక్సిజన్‌ను ఎప్పటికప్పుడు అందిస్తుంది. నది అడుగున గులకరాళ్ల మధ్య అది చాలా నెమ్మదిగా కదులుతుంది. అందుకే నదిలో అసలు హద్దు ప్రయోగశాల హద్దు కంటే సుమారు 3 డిగ్రీలు తక్కువగా ఉంది.

ఆ 3 డిగ్రీలే ఒక తరం పిల్లలన్నిటినీ దాదాపు తుడిచిపెట్టాయి. నియమాలు రాసేవారు ప్రయోగశాల అంకెను యథాతథంగా తీసుకోకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అంటే పిల్లలు ఎప్పుడూ పెద్దవాటికంటే బలహీనమేనా?

కాదు. చాలా జంతువుల్లో దీనికి పూర్తిగా విరుద్ధమైన పరిస్థితి కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన పంది పిల్లకు 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి, లేకపోతే చలికి చనిపోతుంది. దాని తల్లికి 20 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది, 25 దాటితే మేత తగ్గించేస్తుంది, దానితో పాలూ తగ్గుతాయి. ఒకే గదిలో పక్కపక్కనే పడుకున్న ఈ రెండు ప్రాణాలకు ఒకే ఉష్ణోగ్రత సరిపడదు. కోళ్లలోనూ ఇంతే. ఒక రోజు వయసున్న కోడిపిల్లకు 32 నుంచి 35 డిగ్రీలు అవసరమైతే, అమ్మకానికి సిద్ధమైన బ్రాయిలర్ కోడి అదే వేడిలో రొప్పుతూ కూలబడుతుంది. వేగంగా పెరిగేలా ఎంపిక చేసిన ఆ కోడి ఒంట్లో పుట్టే వేడే ఎక్కువ; ఒంటి బరువుతో పోలిస్తే దాన్ని బయటికి పంపే చర్మపు విస్తీర్ణం తక్కువ. వడగాలుల రోజుల్లో కోళ్ల షెడ్లలో ముందుగా చనిపోయేవి చిన్న పిల్లలు కావు, బరువెక్కిన పెద్ద కోళ్లే.

నీటి జంతువుల్లో కూడా ఒకే జాతిలో పెద్ద చేపలు చిన్న చేపల కంటే ముందుగా ఇబ్బంది పడిన సందర్భాలున్నాయి. వెచ్చని నీటిలో పెరిగిన శీతల రక్త జంతువులు సాధారణంగా త్వరగా ఎదిగి, చివరికి చిన్న పరిమాణంలోనే నిలిచిపోతాయి. దీనికి కచ్చితమైన కారణం ఏమిటన్నదానిపై చర్చ ఇంకా ముగియలేదు.

ప్రాణం పోకపోయినా సంతానోత్పత్తి దెబ్బతింటుందా?

తప్పకుండా దెబ్బతింటుంది. ఈ మొత్తం విషయంలో అన్నింటికన్నా తక్కువ శ్రద్ధ అందుకున్న ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. జంతువు చనిపోయే ఉష్ణోగ్రత కంటే అది గొడ్డుబోయే ఉష్ణోగ్రత చాలా సందర్భాల్లో తక్కువగా ఉంటుంది. సంతానం లేని జంతువు ఎంతకాలం బతికినా దాని జాతికి అది లెక్కలోకి రాదు.

బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఎర్ర పిండి పురుగు మీద చేసిన ప్రయోగం దీన్ని చాలా స్పష్టంగా చూపించింది. పురుగులను ఐదు రోజుల పాటు, వాటికి అనువైన ఉష్ణోగ్రత కంటే 5 నుంచి 7 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచారు. ఆ తరువాత మగ పురుగులకు కలిగిన సంతానం దాదాపు సగానికి పడిపోయింది. కొన్ని రోజుల తరువాత రెండోసారి అదే వేడికి గురిచేస్తే అవి దాదాపు పూర్తిగా గొడ్డుబోయాయి. ఆడ పురుగుల సంతాన శక్తికి నేరుగా పెద్ద నష్టం కనిపించలేదు. కానీ జతకట్టిన తరువాత ఆడ పురుగు తన శరీరంలో దాచుకున్న వీర్యకణాలు మాత్రం ఆ వేడికి దెబ్బతిని, వాటి సంతానం సుమారు మూడో వంతు తగ్గింది. వేడికి గురైన మగ పురుగుల కొడుకుల్లో కూడా ఆయుష్షు, సంతాన శక్తి తగ్గాయి.

2021లో 43 జాతుల పండ్ల ఈగలపై వెలువడిన మరో అధ్యయనం ఈ విషయాన్ని ఇంకొక మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ప్రపంచంలో ఏ జాతి ఏ ప్రాంతంలో బతుకుతోందన్న దానితో, అది చనిపోయే ఉష్ణోగ్రత కంటే మగవి గొడ్డుబోయే ఉష్ణోగ్రతే బాగా సరిపోలింది.

పాలిచ్చే జంతువుల్లో ఏ దశ సున్నితమైనది?

ఆవులపై జరిగిన పరిశోధన అన్నింటికన్నా లోతైనది. పాలిచ్చే జంతువుల్లో చాలావాటిలో మగవాటి వృషణాలు శరీరం బయట ఉండటానికి కారణమే వీర్యకణాల తయారీకి శరీర ఉష్ణోగ్రత కంటే కొన్ని డిగ్రీలు తక్కువ అవసరం కావడం. ఆబోతులో ఒక వీర్యకణం పూర్తిగా తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. అందుచేత వేడి తగిలిన వెంటనే కాక కొన్ని వారాల తరువాత వీర్యం నాణ్యత పడిపోతుంది. చల్లబడిన తరువాత కూడా కోలుకోవడానికి అంతే సమయం పడుతుంది.

ఆవు వైపు చూస్తే, ఎదకు వచ్చి కట్టిన తరువాత మొదటి రోజుల పిండం అత్యంత సున్నితమైనది. కట్టిన ఒకటో రోజున వేడి తగిలితే చాలా పిండాలు నిలవవు. మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు వచ్చేసరికి అదే వేడికి నష్టం తగ్గుతూ పోతుంది. అండాశయంలో ఎదుగుతున్న అండాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి, వేసవి ముగిసి వాతావరణం చల్లబడిన తరువాత కూడా కొన్ని వారాల పాటు ఆవులు చూడి నిలవకపోవడం కనిపిస్తుంది. పశుపోషకులు దీనికి మేతనో వ్యాధినో కారణంగా అనుకునే అవకాశం ఉంది. అసలు దెబ్బ వేసవిలోనే తగిలి ఉంటుంది.

ఈనడానికి ముందు పాలు ఆపిన వారాలు మరొక సున్నితమైన కాలం. పాలివ్వడం లేదు కదా అని ఆ ఆవులను నీడకు, నీటి తుంపరలకు దూరంగా ఉంచడం చాలా చోట్ల కనిపించే పొరపాటు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో, ఈ వారాల్లో వేడికి గురైన ఆవులు తరువాతి ఈతలో తక్కువ పాలిచ్చాయి. వాటికి పుట్టిన దూడలు తక్కువ బరువుతో పుట్టాయి, జున్నుపాల ద్వారా వచ్చే రోగనిరోధక శక్తిని సరిగా అందుకోలేకపోయాయి, ఎదిగి తమ మొదటి ఈతలో తక్కువ పాలిచ్చాయి. మనవరాళ్ల దాకా ఈ ప్రభావం కనిపించింది. తల్లి కడుపులో గడిపిన ఒక వేసవి రెండు తరాల తరువాతి పాలలో బయటపడటం అనేది వాతావరణ మార్పు నష్టాన్ని లెక్కగట్టేవారు తేలిగ్గా వదిలేయగల అంశం కాదు.

సముద్ర తాబేళ్లలో ఆడవే పుడుతున్నాయన్నది నిజమేనా?

కొన్ని చోట్ల నిజమే. సముద్ర తాబేళ్లకు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములు లేవు. గుడ్లు ఇసుకలో ఉన్న కాలపు మధ్య భాగంలో ఆ ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదే లింగాన్ని నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర మగ, ఆడ సమానంగా పుడతాయి. అంతకంటే వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్ల తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవని, ఎదిగినవాటిలో ఆ వాటా సుమారు 87 శాతమని తేలింది. వయసు తగ్గే కొద్దీ ఆడవాటి వాటా పెరగడాన్ని బట్టి ఆ తీరపు ఇసుక దశాబ్దాలుగా వేడెక్కుతూ వచ్చిందని అర్థమవుతుంది.

ఒక మగ తాబేలు అనేక ఆడ తాబేళ్లతో జతకట్టగలదు కాబట్టి ఈ అసమతుల్యత వెంటనే జాతిని అంతం చేయదు. కానీ ఇసుక మరింత వేడెక్కి 33 డిగ్రీలు దాటి 35 వైపు పోతే గుడ్లలోనే పిండాలు చనిపోవడం పెరుగుతుంది. ఇక న్యూజిలాండ్‌లో మాత్రమే బతికే టువాటారా అనే సరీసృపంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. దానిలో వేడి పెరిగితే మగవి ఎక్కువ పుడతాయి. ఆడవి కరువైన జాతికి కోలుకునే దారి ఇంకా ఇరుకైనది.

పక్షి గూళ్లలో ఏం జరుగుతోంది?

దక్షిణాఫ్రికాలోని కలహారి ఎడారిలో పసుపు ముక్కు హార్న్‌బిల్ పక్షి గుడ్లు పెట్టే సమయంలో ఆడది చెట్టు తొర్రలో కూర్చుని, సన్నని చీలిక మాత్రం మిగిలేలా ద్వారాన్ని మూసేసుకుంటుంది. ఆ చీలిక గుండా మగ పక్షి తల్లికీ పిల్లలకూ తిండి తెచ్చి అందిస్తుంది. పాముల నుంచి, ఇతర వేటగాళ్ల నుంచి కాపాడే ఈ ఏర్పాటు వేడి రోజుల్లో వాటికే శాపంగా మారుతోంది. తొర్రలో ఉన్న తల్లీపిల్లలు బయటికి రాలేవు. బయట ఉన్న తండ్రి రొప్పుతూ నీడన గడిపే సమయం పెరిగి, తిండి వెతికే సమయం తగ్గిపోతుంది. 2008 నుంచి 2019 వరకు గమనించిన గూళ్లలో తొలి సంవత్సరాల్లో 58 శాతం విజయవంతమైతే, చివరి సంవత్సరాల్లో 17 శాతమే విజయవంతమయ్యాయి. గూటి కాలంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 35.7 డిగ్రీలు దాటినప్పుడు ఒక్క గూడు కూడా నిలవలేదు. ఎదిగిన పక్షిని చంపే వేడి ఇది కాదు. అది బతికే ఉంటుంది, ఏటా గూడు పెడుతూనే ఉంటుంది, పిల్లలు మాత్రం బయటికి రావు.

2021 జూన్ చివరిలో ఉత్తర అమెరికా పడమటి తీరాన వచ్చిన వడగాలుల్లో, కెనడాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదైన ఆ రోజుల్లో, ఇంకా ఎగరడం రాని డేగ పిల్లలు గూళ్ల వేడికి తాళలేక కిందికి దూకేశాయి.

జీబ్రా ఫించ్ అనే చిన్న పక్షిలో మాత్రం ఆశ్చర్యపరిచే విషయం బయటపడింది. బయట 26 డిగ్రీలు దాటినప్పుడు, గుడ్లు పొదగబోయే చివరి రోజుల్లో తల్లిదండ్రులు గుడ్లకు వినిపించేలా ఒక ప్రత్యేకమైన కూత పెడతాయి. ఆ కూత విన్న పిల్లలు వెచ్చని గూటిలో తక్కువ బరువుతో పెరుగుతాయి, పెద్దయ్యాక ఎక్కువ సంతానాన్ని కంటాయి. గుడ్డులోని పిల్ల రాబోయే వేడి గురించి ముందుగా తెలుసుకోగలదని 2016లో వెలువడిన ఈ ఫలితం సూచించింది.

రూపం మార్చుకునే జీవులకు అదనపు చిక్కులు ఉన్నాయా?

ఉన్నాయి. కప్పల్లో తోకకప్పలు వేడిని బాగానే తట్టుకుంటాయి, నేల మీది కప్పలు కూడా ఓ మోస్తరుగా తట్టుకుంటాయి, కానీ తోక కరిగి కాళ్లు వచ్చి మొప్పల నుంచి ఊపిరితిత్తులకు మారే ఆ కొద్ది రోజుల్లో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. కీటకాల్లో ఒక్కొక్క దశ ఒక్కొక్క చోట గడుస్తుంది. ఆకుకు అంటుకున్న గుడ్డు ఆకు వేడినే తన వేడిగా అనుభవిస్తుంది, గొంగళిపురుగు నీడ వైపుకు పాకగలదు, నేలలోని ప్యూపా ఎండకు దూరంగా ఉంటుంది, సీతాకోకచిలుక ఎగిరిపోగలదు. అందువల్ల ఏ దశ బలహీనమైనదన్న ప్రశ్నతో పాటు ఏ దశ ఏ నెలలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న కూడా వేయాలి. బలహీనమైన దశ చల్లని నెలలో గడిచిపోతే ప్రమాదం లేదు. దృఢమైన దశకు కూడా అత్యంత వేడి నెలలో నీడ లేని చోటే దొరికితే ముప్పు తప్పదు.

వయసు మళ్లిన జంతువుల మాటేమిటి?

గుండె, మూత్రపిండాలు, శ్వాసక్రియ బలహీనపడిన కొద్దీ ఒంట్లోని వేడిని బయటికి పంపే శక్తి తగ్గుతుంది. పెంపుడు కుక్కల్లో వయసు పైబడినవి, లావెక్కినవి, ముఖం చప్పిడిగా ఉండే జాతులవి వడదెబ్బకు ఎక్కువగా గురవుతాయని పశువైద్య రికార్డులు చూపిస్తున్నాయి. అడవి జంతువుల్లో ముసలితనం గురించిన సమాచారం ఇంత వివరంగా లేదు.

చిన్నప్పుడే వేడికి అలవాటు పడితే పెద్దయ్యాక తట్టుకోగలవా?

కొంతవరకు తట్టుకోగలవు. శీతల రక్త జంతువులపై జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూస్తే, ఎదిగే కాలంలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వాటి వేడి హద్దు పెరిగేది సగటున పదో వంతు డిగ్రీకి కాస్త ఎక్కువ మాత్రమే. పర్యావరణం ఒక డిగ్రీ ముందుకు పోతే జంతువు పదో వంతు దూరమే వెంట నడవగలదన్న మాట. పైగా చిన్నతనంలో వేడికి గురవడం కొన్నింటికి మేలు చేస్తే, మరికొన్నింటిని ఎదుగుదల దశలోనే బలహీనపరుస్తుంది.

పరిణామం ద్వారా జాతులు సర్దుకోలేవా?

త్వరగా తరాలు మారే చిన్న జీవుల్లో అది జరిగింది. సరస్సు అడుగు బురదలో దశాబ్దాలుగా నిద్రాణంగా ఉన్న డాఫ్నియా అనే చిన్న నీటి జీవి గుడ్లను పొదిగించి చూసినప్పుడు, పాత కాలపు వాటికంటే ఇటీవలి కాలపువి ఎక్కువ వేడిని తట్టుకున్నాయి. కానీ జీబ్రా చేపలను ఆరు తరాల పాటు, వేడిని బాగా తట్టుకున్నవాటినే ఎంచి పెంచినా, తట్టుకునే శక్తి తరానికి సగటున 0.04 డిగ్రీలే పెరిగిందని 2020లో తేలింది. ఇందులో మరో మెలిక ఉంది. పెద్ద చేపలో పెరిగిన శక్తి దాని పిండంలో కూడా పెరిగిందని అనుకోవడానికి లేదు. పండ్ల ఈగల్లో లార్వా చలిని తట్టుకోవడానికి తోడ్పడే జన్యువులు, ఎదిగిన ఈగకు తోడ్పడేవి చాలావరకు వేరువేరని తెలిసింది. ఒక దశ మెరుగుపడితే మిగిలిన దశలు దాని వెంట వస్తాయన్న హామీ లేదు.

గుడ్లు పెట్టే సమయాన్ని ముందుకు జరుపుకుంటే సరిపోదా?

చాలా పక్షులు, కప్పలు, చేపలు ఆ పని ఇప్పటికే చేస్తున్నాయి. అయితే ముందుగా పుట్టిన పిల్లలకు తినడానికి పురుగులు ఆ సమయానికి ఉండాలి, నీరు ఉండాలి, పగటి నిడివి అనుకూలించాలి. వీటన్నిటికీ తోడు, వడగాలులు కూడా ఇప్పుడు ముందుగానే వస్తున్నాయి. 2024 ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆ సగటు చిన్నదిగా అనిపించినా, గూటిలో ఉన్న కూనను చంపేది సగటు కాదు, వరుసగా వచ్చే కొన్ని తీవ్రమైన రోజులు, వాటి మధ్య చల్లబడని రాత్రులు.

బలహీనమైన దశను కాపాడటానికి ఏమైనా చేయగలమా?

ఉద్గారాలను తగ్గించడానికి ప్రత్యామ్నాయం లేదు. దానితో పాటు, ఏ దశ ఎప్పుడు ప్రమాదంలో పడుతుందో తెలిస్తే, ఏడాది పొడవునా కాక ఆ కొద్ది వారాల మీద శ్రమను, నీటిని కేంద్రీకరించవచ్చు. శాస్తా ఆనకట్టలో 1997 నుంచి ఉన్న ప్రత్యేక ద్వారాల ద్వారా జలాశయంలో వేరువేరు లోతుల నీటిని ఎంచి వదలవచ్చు. సాల్మన్ గుడ్లకు ఆక్సిజన్ అత్యధికంగా అవసరమయ్యే, పొదగడానికి ముందటి వారాల కోసం చల్లని నీటిని దాచి ఉంచితే ఉన్న నీటితోనే ఎక్కువ గుడ్లు బతుకుతాయి. తాబేళ్ల తీరాల్లో గూళ్ల మీద నీడ కల్పించడం, నీళ్లు చల్లడం, ప్రమాదకరమైన చోటు నుంచి గుడ్లను పెట్టిన కొద్ది గంటల్లోనే తరలించడం పరీక్షిస్తున్నారు. ఆ గంటలు దాటాక గుడ్డును కదిపితే లోపలి పిండం చనిపోతుంది కాబట్టి ఈ పనికి శిక్షణ పొందిన మనుషులే కావాలి. ఈనడానికి దగ్గరపడిన ఆవులకు పాలిచ్చే ఆవులతో సమానంగా నీడ, ఫ్యాన్లు, నీటి తుంపర్లు కల్పించడం వీటన్నిటిలో తేలికైనది, దాని ఫలితం దూడ బరువులోనే కనిపిస్తుంది. అడవుల్లో, వాగుల వెంట చెట్ల నీడను కాపాడటం వల్ల ఏ ఒక్క జాతి కోసమూ ప్రత్యేకంగా ఏర్పాటు చేయకుండానే, చోటు మారలేని గుడ్లకూ కూనలకూ కొన్ని డిగ్రీల ఊరట దొరుకుతుంది.